ఉద్యోగం–ఇల్లు సమతూకం: కొవ్వూరు, గోదావరి డెల్టా

ఉద్యోగం–ఇల్లు సమతూకం: జీతం కోసం చేసే పనికి, ఇంటికి, విశ్రాంతికి మధ్య రోజులోని 24 గంటలు పంపకమయ్యే తీరు. ఈ పంపకంలో ఉద్యోగితో పాటు కుటుంబానికి, యాజమాన్యానికి, ప్రభుత్వానికి కూడా పాత్ర ఉంటుంది. ఆఫీసుల్లో, పత్రికల్లో దీన్ని వర్క్ లైఫ్ బ్యాలెన్స్ అని వ్యవహరిస్తారు. తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరును కేంద్రంగా తీసుకుని, డెల్టాలోని ఉద్యోగులు, కార్మికులు, ఇక్కడి నుంచి హైదరాబాదుకు, గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లినవారు తమ పనివేళలను ఇంటితో ఎలా సర్దుకుంటున్నారో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇదే విషయంపై చైనాలో సాగిన చర్చను పోలిక కోసం ఒక భాగంలో చేర్చడమైనది.

నిర్వచనం, పరిధి

ఉద్యోగి రోజులో నాలుగు భాగాలు కనిపిస్తాయి. జీతం వచ్చే పని గంటలు మొదటిది. ఆ పనికి వెళ్లి రావడానికి పట్టే సమయం రెండోది. వంట, పిల్లలు, పెద్దల సంరక్షణ వంటి జీతం లేని ఇంటి పని మూడోది. నిద్ర, తీరిక కలిసి నాలుగోది. కార్మిక చట్టాలు వీటిలో మొదటి భాగాన్నే కొలుస్తాయి. గేటు దగ్గర హాజరు పడినప్పటి నుంచి గేటు దాటి బయటికొచ్చే వరకే వాటి లెక్క. కొవ్వూరు వంటి ఊళ్లో తేడా ఎక్కువగా రెండో, మూడో భాగాల దగ్గర వస్తుంది. ఒకే ఎనిమిది గంటల ఉద్యోగం చేసే ఇద్దరిలో ఒకరు పని ఉన్న ఒడ్డునే కాపురముండి, మరొకరు రోజూ గోదావరి దాటవలసి వస్తే, ఒకరి ఇంట్లో పిల్లల్ని చూసుకునే పెద్దలుండి మరొకరి ఇంట్లో లేకపోతే, ఆ రెండు రోజులు ఒకలా గడవవు. అందుచేత ప్రయాణాన్ని, ఇంటి పనిని ఇక్కడ విడదీయకుండా లెక్కలోకి తీసుకోవడమైనది.

ఈ చర్చ సాధారణంగా నెలజీతం ఉద్యోగుల చుట్టూనే తిరుగుతుంది. డెల్టాలో నియామక పత్రం, సెలవు చీటీ లేని పనివారు చాలామంది ఉన్నారు. కూలీలు, చెరువు కాపలాదారులు, ఇంట్లో కూర్చుని లేసు అల్లే మహిళలు ఈ కోవలోకి వస్తారు. వారిని కూడా ఈ పరిధిలో చేర్చవలసి ఉంటుంది.

ఊరు, వంతెనలు (చూ. కొవ్వూరు, గోదావరి వంతెనలు)

కొవ్వూరు గోదావరి పడమటి ఒడ్డున, రాజమహేంద్రవరానికి ఎదురుగా ఉంది. 2022 ఏప్రిల్ వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో తూర్పు గోదావరిలో చేరింది. జిల్లా కేంద్రమైన రాజమహేంద్రవరంలోనే పెద్ద ఆసుపత్రులు, కళాశాలలు, దుకాణాలు, కార్యాలయాలు ఉండటంతో ఊరి ఉద్యోగుల్లో చాలామందికి నది దాటడం నిత్యకృత్యం.

రెండు ఒడ్లను కలుపుతూ 1900లో హేవలాక్ రైలు వంతెన వచ్చింది. 1974లో పైన రోడ్డు, కింద రైలు మార్గం ఉన్న రోడ్డు కం రైలు వంతెన అందుబాటులోకి వచ్చింది. రైళ్ల కోసం ఆర్చి వంతెన పూర్తయిన 1997లో హేవలాక్ వంతెన సేవల నుంచి విరమించింది. స్థానికులు గామన్ బ్రిడ్జి అని పిలిచే నాలుగో వంతెన 2015లో వాహనాలకు తెరుచుకుంది. పనివేళల చరిత్రలో 1974కు ఒక ప్రత్యేకత ఉంది. అంతకుముందు రోడ్డున రావలసినవారికి పడవ, లాంచీ, లేదా రైలు వేళే దిక్కు. బస్సు నేరుగా నది దాటాక కొవ్వూరులో కాపురముండి రాజమహేంద్రవరంలో ఉద్యోగం చేయడం సులువైంది. అద్దెలు తక్కువ, సొంత ఇల్లు ఉంది, పొలం దగ్గర అన్న కారణాలతో కుటుంబాలు పడమటి ఒడ్డునే ఉండిపోయాయి.

వంతెన ఇచ్చిన వెసులుబాటు వంతెన మీదే ఆధారపడి ఉంటుంది. 2023లో మరమ్మతుల కోసం రోడ్డు కం రైలు వంతెనపై వాహనాలను ఆపినప్పుడు, నాలుగో వంతెన మీదుగానో ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో చుట్టు తిరగవలసి వచ్చింది. ఆఫీసు వేళలు మారలేదు. ఇంటి నుంచి బయల్దేరే వేళ మారింది. రైలులో వెళ్లేవారికి సీజన్ టికెట్టు చవక. అయితే నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు వెళ్లే ఉద్యోగుల రోజు రైలు వేళలను బట్టే నడుస్తుంది. సాయంత్రం ఒక రైలు తప్పితే ఆ రాత్రి పిల్లల చదువు దగ్గర కూర్చునే అవకాశం పోతుంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్త్రీ శక్తి పేరుతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ప్రారంభించింది. తక్కువ జీతానికి పక్క ఊళ్లో దుకాణంలోనో, ప్రైవేటు పాఠశాలలోనో పనిచేసే మహిళకు రాకపోకల ఖర్చు ఉద్యోగం నిలుపుకోవాలా వద్దా అన్నది తేల్చే అంశాల్లో ఒకటి కాబట్టి, ఈ పథకం సమతూకం చర్చలోకి కూడా వస్తుంది.

చరిత్ర

డెల్టాలో పని మొదట గడియారం ప్రకారం కాక కాలువ ప్రకారం నడిచింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక సార్వా, దాళ్వా పంటల వరుస స్థిరపడింది. జూన్‌లో కాలువలకు నీరు వదిలినప్పటి నుంచి నారుమళ్లు, నాట్లు, కలుపు, కోతలు, నూర్పిళ్లు వెంటవెంట వస్తాయి. వేసవిలో కాలువలు కట్టేశాక పని తగ్గుతుంది. పెళ్లిళ్లు, ఇంటి మరమ్మతులు, చుట్టరికాలు ఆ విరామంలోకి జరిగాయి. పండుగల్లో సంక్రాంతిది ప్రత్యేక స్థానం. కనుమ నాడు కాకైనా కదలదన్న సామెత ఆ రోజు ప్రయాణం, పని రెండూ మానాలన్న కట్టుబాటును చెబుతుంది.

ఈ విరామం అందరికీ సమానంగా దక్కలేదు. ఏడాదికి కుదిరే పాలేరుకు పని గంటలంటూ లేవు. తెల్లవారకముందే పశువుల కొట్టం దగ్గర మొదలైన పని రాత్రి మేత వేశాక ముగిసేది. 1930ల నుంచి ఆంధ్రలో వ్యవసాయ కార్మికులను కూడగట్టిన ఉద్యమాలు కూలి రేట్లతో పాటు ఈ వెట్టి స్వభావాన్ని కూడా ప్రశ్నించాయి. ఈనాడు నాట్లు, కోతలు ఎక్కువగా ముఠాలు గుత్తకు పట్టి చేస్తున్నాయి. వేకువనే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించడం ముఠా పద్ధతి. మధ్యాహ్నం నుంచి ఇంటి పనికి వీలు చిక్కుతుంది. దానికి బదులుగా పొలంలో గడిపే గంటల వేగం పెరుగుతుంది. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చే ముఠాలు ఈ పనిలో కనిపించడం ఇటీవలి పరిణామం. వారి ఇల్లు నాటిన మడికి వందల మైళ్ల దూరంలో ఉంటుంది.

ఫ్యాక్టరీ పనికి గంటల హద్దు వలస పాలనలో అంచెలంచెలుగా వచ్చింది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికగా పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48 గంటల పరిమితిని ప్రతిపాదించింది. భారతదేశానికి మాత్రం 60 గంటల మినహాయింపు ఇచ్చింది. 1922 చట్టం వారానికి 60, 1934 చట్టం 54, 1946 సవరణ 48 గంటలుగా తగ్గించుకుంటూ వచ్చాయి. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన బి.ఆర్. అంబేడ్కర్ ఎనిమిది గంటల పనిదినాన్ని త్రైపాక్షిక కార్మిక సమావేశంలో ముందుకు తెచ్చారు. స్వాతంత్ర్యానంతరం 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటల హద్దును, వారపు సెలవును, అదనపు గంటలకు రెట్టింపు వేతనాన్ని స్థిరపరిచింది. 

ప్రస్తుత చట్టస్థితి (చూ. కార్మిక కోడ్‌లు, ప్రసూతి సెలవు)

2025లో చట్టాలు రెండుసార్లు కదిలాయి. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ ఏడాది జూన్‌లో ఆమోదించిన సవరణలను శాసనసభ సెప్టెంబరులో పాస్ చేసింది. వాటి ప్రకారం రోజువారీ పరిమితి 10 గంటలకు పెరిగింది. వారానికి 48 గంటల హద్దు మారలేదు. మూడు నెలలకు 75 గంటలుగా ఉన్న ఓవర్‌టైమ్ పరిమితి 144కు చేరింది. మహిళలు తమ అంగీకారంతో, రవాణా, భద్రత ఏర్పాట్ల మధ్య రాత్రి పాళీల్లో పనిచేయడానికి వీలు కలిగింది. తెలంగాణ కూడా 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల వరకు అనుమతినిచ్చింది. తర్వాత 2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో రోజుకు 8 గంటలన్నది మూల సూత్రం. విరామాలు, మొత్తం వ్యవధి వంటివి ప్రభుత్వ నిబంధనలకు వదిలింది. వేతనంతో కూడిన సెలవుకు అర్హత ఏడాదిలో 240 రోజుల పని నుంచి 180 రోజులకు తగ్గింది.

పది గంటల సవరణను సమర్థించినవారు పెట్టుబడులు, ఉపాధి, మహిళలకు కొత్త అవకాశాలను కారణాలుగా చూపారు. వారం మొత్తం పెరగదు కాబట్టి నాలుగు రోజులు ఎక్కువ పనిచేసి ఒక రోజు అదనంగా సెలవు తీసుకోవచ్చన్నది వారి వాదన. కార్మిక సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. సంఘం లేని చోట వారపు హద్దును ఎవరూ లెక్కించరని, రోజు హద్దు పెరిగితే అదే ఆనవాయితీ అవుతుందని అన్నాయి. ప్రయాణ సమయాన్ని కూడా ఈ లెక్కలో చూడాలి. పది గంటల పాళీకి నది దాటి వెళ్లి రావడం కలిస్తే ఇంటికి దూరంగా గడిపేది పన్నెండు గంటలకు దగ్గర పడుతుంది.

ప్రసూతి విషయంలో 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో 26 వారాల సెలవు హక్కుగా వచ్చింది. 50 మంది అంతకు మించి పనిచేసే సంస్థ శిశు సంరక్షణ కేంద్రం నడపాలి. రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. పిల్లల సంరక్షణ సెలవును 2022లో 60 నుంచి 180 రోజులకు పెంచారు. శిశు సంరక్షణ కేంద్రానికి పెట్టిన ఆ 50 మంది లెక్కకు చిన్న పట్టణంలోని బట్టల దుకాణం, నర్సింగ్ హోమ్, ప్రైవేటు పాఠశాల చాలావరకు అందవు.

రకాలు

పాళీ కార్మికులు. ఆంధ్రా షుగర్స్ సంస్థకు కొవ్వూరులో రసాయనాల కర్మాగారం ఉంది. నది అవతల రాజమహేంద్రవరంలో కాగితపు మిల్లు, ధవళేశ్వరంలో హార్లిక్స్ కర్మాగారం ఉన్నాయి. కాస్టిక్ సోడా తయారీలో విద్యుద్విశ్లేషణ, కాగితపు యంత్రం నడక వంటివి ఇష్టం వచ్చినప్పుడు ఆపి మొదలుపెట్టే ప్రక్రియలు కావు. అందుకని ఎ, బి, సి షిఫ్టులు. రాత్రి పదికి ఎక్కి ఉదయం ఆరుకు దిగే సి షిఫ్టు వారమంతా ఇంటి వేళలు తలకిందులవుతాయి. పగలు నిద్రపోయే మనిషి కోసం పిల్లల ఆట వీధిలోకి మారుతుంది. టీవీ గొంతు తగ్గుతుంది. వంట రెండు సార్లు చేయవలసి వస్తుంది. రిలీవర్ రాకపోతే పాళీ పొడిగిస్తారు, దాన్ని ఓటీ (ఓవర్‌టైమ్)గా రాస్తారు. ఓటీని భారంగా చూసేవారు ఉన్నట్టే, ఇంటి రుణం వాయిదా కోసం కావాలని అడిగి తీసుకునేవారూ ఉన్నారు. వీరిద్దరినీ ఒకే గాటన కట్టి పాళీ పని గురించి తీర్పు చెప్పడం సరికాదు.

ఓఎన్‌జీసీ రాజమహేంద్రవరం అసెట్‌లో రిగ్గుల మీద పనిచేసే సిబ్బందికి పద్నాలుగు రోజుల డ్యూటీ, పద్నాలుగు రోజుల విరామం అన్న పద్ధతి ఉంది. సగం నెల పూర్తిగా ఇంట్లో, సగం నెల పూర్తిగా బయట. పిల్లల పరీక్షలు, ఇంట్లో అనారోగ్యం ఏ సగంలో వస్తాయన్నది ఎవరి చేతిలోనూ ఉండదు.

రవాణా సిబ్బంది. కొవ్వూరు ఆర్టీసీ డిపో డ్రైవర్లు, కండక్టర్లకు 2025 నవంబరులో కార్మిక కోడ్‌లు వచ్చేవరకు 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, దూర సర్వీసుల్లో 10 గంటల వరకు హద్దు పెట్టింది. ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ శాఖలో భాగమయ్యారు. పల్లెల్లో బస్సు రాత్రి ఆగే నైట్ హాల్ట్ డ్యూటీలో పని గంటలు పరిమితంగానే ఉన్నా మనిషి ఇంటికి చేరడు. రైల్వేలో మరో పద్ధతి. ఉద్యోగాలను తీవ్రమైనవి, నిరంతరమైనవి, అడపాదడపా పని పడేవి అని వర్గీకరించి గంటలు కేటాయిస్తారు. అడపాదడపా వర్గంలో పడిన గేట్‌మ్యాన్‌కు పన్నెండు గంటల డ్యూటీ వేయవచ్చు. రైలు రాని గంటల్లో అతనికి పని లేదన్నది ఆ వర్గీకరణ ఆధారం. గేటు వదిలి ఇంటికి వెళ్లే వీలు కూడా లేదన్నది సంఘాల సమాధానం.

ప్రభుత్వ, బ్యాంకు ఉద్యోగులు. బ్యాంకులకు 2015 సెప్టెంబరు నుంచి రెండు, నాలుగో శనివారాలు సెలవు. అన్ని శనివారాలూ సెలవు కావాలన్న ఉద్యోగ సంఘాల కోరికకు 2024లో యాజమాన్యాల సంఘం ఒప్పుకుని కేంద్రం ఆమోదానికి పంపింది. రాష్ట్ర సచివాలయ సిబ్బంది 2016లో హైదరాబాదు నుంచి అమరావతి ప్రాంతానికి మారినప్పుడు వారికి అయిదు రోజుల వారం ఇచ్చారు. కుటుంబాలు హైదరాబాదులోనే ఉండిపోయాయన్నది దానికి కారణం. వారంలో రోజులు తగ్గించి మిగిలిన రోజుల వేళలు పెంచారు. జిల్లాల్లోని కార్యాలయాలకు ఈ వెసులుబాటు లేదు. 2019 అక్టోబరులో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలతో చదువుకున్న యువతకు సొంత ఊరికి దగ్గరలో ఉద్యోగాలు దొరికాయి. 2022లో ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు వచ్చాక నిమిషాల లెక్క కచ్చితమైంది. పట్టణంలో కాపురముండి పల్లెకు వెళ్లి పాఠాలు చెప్పేవారి మీద దాని ప్రభావం ఎక్కువ. పని గంటల తర్వాత కూడా వాట్సాప్ గ్రూపులో వచ్చే ఆదేశాలు, అడిగే నివేదికలు అన్ని శాఖల్లోనూ వినిపించే ఫిర్యాదు.

మెట్ట పొగాకు, డెల్టా చెరువులు. కొవ్వూరు రెవెన్యూ డివిజన్‌లోని దేవరపల్లి, గోపాలపురం మెట్ట మండలాల్లో వర్జీనియా పొగాకు పండుతుంది. ఆకు కోసి, దాన్ని వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్‌లో ఎక్కించాక దాదాపు వారంపాటు మంట ఆరకూడదు, వేడి తప్పకూడదు. రాత్రి కాపలా ఆ సీజనంతా రైతు కుటుంబంలోనో కూలీల్లోనో ఒకరికి తప్పదు. దిగువ డెల్టాలో రొయ్యల చెరువు దగ్గర కాపలా కుటుంబం గట్టు మీది షెడ్డులోనే ఉంటుంది. మేత, ఏరేటర్లు, అర్ధరాత్రి నీటిలో ప్రాణవాయువు తగ్గిందేమోనన్న నిఘా వారి పని. ఇక్కడ ఇల్లు, పని ఒకే చోట ఉన్నాయి కాబట్టి ప్రయాణం లేదు, డ్యూటీ దిగడం కూడా లేదు.

ఇంటి పట్టున పని: నరసాపురం లేసు (చూ. నరసాపురం క్రోషే లేసు)

ఇంట్లో ఉండి సంపాదించడం సమతూకానికి తేలికైన దారి అన్న అభిప్రాయాన్ని పరీక్షించడానికి డెల్టాలో పాత ఉదాహరణ ఉంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లకు పాకి ఎగుమతి పరిశ్రమగా మారింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధించి 1982లో ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్ అన్న పుస్తకం వెలువరించారు.

ఆమె చూపిన విషయం సూటిగా ఉంటుంది. మహిళలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా వారిని కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. వారు గృహిణులు, లేసు వారి తీరిక వేళల వ్యాపకం అన్నది ఎగుమతిదారుల మాట. తీరిక అన్న పేరు పడటంతో కూలి ముక్కల లెక్కన అతి తక్కువగా ఉండిపోయింది. పని గంటలు, ఓవర్‌టైమ్, సెలవు అన్న ప్రశ్నలే రాలేదు. గడప దాటకపోవడాన్ని గౌరవంగా భావించిన కులాల మహిళలకు ఈ పని ఆదాయం ఇస్తూనే, బేరమాడే శక్తి లేకుండా చేసింది. దారం ఇచ్చి అల్లిన ముక్కలు తీసుకునే మధ్యవర్తి ద్వారానే వారికి బయటి మార్కెట్టు తెలుసు. తర్వాతి దశాబ్దాల్లో స్వయం సహాయక సంఘాలు, సీతారామపురంలోని లేసు వ్యాపార కేంద్రం, 2024లో దక్కిన భౌగోళిక గుర్తింపు పరిస్థితిని కొంత మార్చాయి. వంటకూ అల్లికకూ మధ్య గంటలు కలిసిపోయే స్వభావం మాత్రం చేతి పనిలో అలాగే ఉంది.

2020 మార్చి తర్వాత ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లతో సొంత ఊళ్లకు తిరిగొచ్చినప్పుడు ఇదే ప్రశ్న మరో వర్గం ముందుకు వచ్చింది. జీతం, గుర్తింపు విషయంలో ఈ రెండు వర్గాల మధ్య పోలిక లేదు. పని ఎక్కడ ఆగి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో తెలియకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే. కొవ్వూరు ఇళ్లలో ముందు గది ఆఫీసైంది. అమెరికా వేళల ప్రకారం కాల్ రాత్రి తొమ్మిదికి మొదలైతే ఇంటిల్లిపాదీ భోజనం దానికి అనుగుణంగా జరిగింది. కోడలు ఇంట్లోనే ఉంది కదా అని పనులు చెప్పడం, ఆమె లాగిన్‌లో ఉండటం ఒకే గంటలో తారసపడ్డాయి. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మహిళలకు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెంచుతామని, పట్టణాలు, మండలాల్లో ఉమ్మడి పనిస్థలాలను ప్రోత్సహిస్తామని ప్రకటించారు. ఇంట్లో కాకుండా ఇంటి దగ్గర పని అన్న ఆలోచన ఈ ఇబ్బందిని కొంత గుర్తించినట్టే ఉంది.

ఇంటి ఏర్పాట్లు

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటి పని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 299, 97 నిమిషాలు. అయిదేళ్లలో ఇద్దరి సమయమూ కొద్దిగా తగ్గింది. వారి మధ్య అంతరం దాదాపు అలాగే ఉంది.

ఈ గంటలను కుటుంబాలు కొంత పంచుకుని, కొంత కొనుక్కుని తగ్గించుకుంటున్నాయి. పంచుకోవడంలో మొదటి దిక్కు అమ్మమ్మ, నాయనమ్మ. ఉద్యోగం చేసే కూతురు పుట్టింటికి దగ్గరలో అద్దెకు దిగడం, రిటైరైన తండ్రి మనవల్ని బడికి దింపి తేవడం సాధారణ దృశ్యం. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీలు పోషకాహారం కోసం ఏర్పడినవైనా కూలి తల్లులకు పగటి ఆసరాగా ఉపయోగపడుతున్నాయి. సాయంత్రం దాకా బయట ఉండవలసిన తల్లికి వాటి వేళలు చాలవు. కొనుక్కునేదాంట్లో పనిమనిషి సేవ, వాటర్ టిన్ను, సంచిలో దొరికే ఇడ్లీ పిండి, వీధి చివర కర్రీ పాయింట్ ఉన్నాయి. ఇంట్లో అన్నం వండుకుని కూరలు మాత్రం బయట తెచ్చుకునే పద్ధతి తెలుగు పట్టణాల్లో ఎక్కువ. సమతూకంపై రాసే నివేదికల్లో కర్రీ పాయింట్ ప్రస్తావన అరుదు. వంటింట్లో గంట తగ్గించడంలో దాని పాత్ర చిన్నది కాదు. ఆ కూరలు వండేవారు, ఇళ్లలో పనిచేసేవారు కూడా మహిళలే. తమ సొంత వంటను వారు దానికి ముందో వెనకో చేసుకుంటారు.

వలస, ప్రవాసం

హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యాక డెల్టా ఇంజినీరింగ్ పట్టభద్రులకు మాదాపూర్, గచ్చిబౌలి ప్రధాన గమ్యాలయ్యాయి. శుక్రవారం రాత్రి గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లలో బయల్దేరి ఆదివారం రాత్రి తిరిగి రైలెక్కే ఉద్యోగికి వారాంతపు సెలవులో రెండు రాత్రులు ప్రయాణానికే పోతాయి. సంక్రాంతి ముందు విజయవాడ జాతీయ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఏటా కనిపించే వాహనాల వరుస ఈ జీవన విధానానికి బయటి రూపం.

గల్ఫ్‌కు, ముఖ్యంగా కువైట్‌కు, ఇంటి పనికి వెళ్లిన మహిళల్లో గోదావరి జిల్లాల వారు ఎందరో ఉన్నారు. యజమాని ఇంట్లోనే నివాసం కాబట్టి పని వేళకు హద్దు పెట్టడం కష్టం. కువైట్ 2015లో చేసిన చట్టం ఇంటి కార్మికులకు రోజుకు 12 గంటల గరిష్ఠ పరిమితిని, వారానికో సెలవును, ఏడాదికి 30 రోజుల వేతన సెలవును నిర్దేశించింది. ఇంటి తలుపు వెనక దాన్ని అమలు చేయించడం వేరే సంగతి. ఆ తల్లుల పిల్లలు ఊళ్లో అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. మరొకరి ఇంటి సమతూకాన్ని నిలబెట్టే పనికి తమ ఇంటిని వదిలి వెళ్లడం ఈ వలసలోని వైరుధ్యం.

అమెరికాలో పరిస్థితి మరో రకం. అక్కడి సమాఖ్య చట్టం 1993 నుంచి అర్హులైన ఉద్యోగులకు 12 వారాల సెలవు ఇస్తుంది, అయితే దానికి వేతనం తప్పనిసరి కాదు. బిడ్డ పుట్టే సమయానికి అమ్మాయి తల్లి, తర్వాత అబ్బాయి తల్లి సందర్శక వీసాపై వంతులవారీగా వెళ్లి పురుడు చూడటం తెలుగు కుటుంబాల్లో ఆనవాయితీ అయింది. ఒక్కో రాకకు సాధారణంగా దొరికే ఆరు నెలల గడువు ఈ వంతుల లెక్కను నిర్ణయిస్తుంది. కొవ్వూరులో ఆ ఆరు నెలలూ తండ్రి ఒంటరిగా కర్రీ పాయింట్ మీద ఆధారపడటం కూడా ఈ లెక్కలోనిదే.

చైనాతో పోలిక

చైనా చట్టం భారత చట్టం కన్నా తక్కువ గంటలే అనుమతిస్తుంది. 1995 నుంచి అక్కడ ప్రామాణిక వారం 40 గంటలు. ఓవర్‌టైమ్ నెలకు 36 గంటలకు మించరాదు. ఆచరణలో పెద్ద టెక్నాలజీ సంస్థల్లో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు, వారానికి ఆరు రోజుల పని పాకింది. దానికే 996 అని పేరు. 2019 మార్చిలో ప్రోగ్రామర్లు గిట్‌హబ్ వేదికగా దీనిపై నిరసన తెలిపారు. అలీబాబా వ్యవస్థాపకుడు జాక్ మా ఆ పనితీరును సమర్థించి విమర్శలు ఎదుర్కొన్నారు. 2021 ఆగస్టులో ఆ దేశపు సుప్రీం పీపుల్స్ కోర్టు, కార్మిక మంత్రిత్వ శాఖ కొన్ని కేసుల ఉదాహరణలతో 996 చట్టవిరుద్ధమని ప్రకటించాయి. పోటీ నుంచి తప్పుకుని అవసరమైనంతే పనిచేయాలన్న తాంగ్‌పింగ్ ధోరణి అదే ఏడాది యువతలో వ్యాపించింది.

చైనాలో పల్లె పిల్లలు తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మల దగ్గర పెరగడం, వసంతోత్సవానికి కోట్ల మంది ఒక్కసారిగా ఊళ్లకు ప్రయాణించడం డెల్టా కుటుంబాలకు పరిచితమైన విషయాలే. తేడా కూడా ఉంది. చైనాలో వలస కార్మికుల పిల్లలకు నగరంలో బడి దొరకడానికి హుకో అనే నివాస నమోదు విధానం అడ్డు వచ్చింది. కొవ్వూరు నుంచి హైదరాబాదు వెళ్లిన కుటుంబానికి అలాంటి అడ్డంకి లేదు. ఇక్కడివారు పిల్లల్ని ఊళ్లో వదలడానికి కారణం అద్దె, ఫీజులు, చూసుకునే మనిషి లేకపోవడం.

ఆరోగ్యం, వివాదాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం వారానికి 55 గంటలు అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట అన్నారు. దేశ నిర్మాణానికి కష్టం తప్పదన్న సమర్థన, ఇంట్లో మరొకరు వండిపెడితేనే అన్ని గంటలు సాధ్యమన్న విమర్శ రెండూ వచ్చాయి. అదే నెలలో కేంద్ర ఆర్థిక సర్వే, బల్ల ముందు వారానికి 60 గంటలకు పైగా గడపడం మానసిక ఆరోగ్యానికి హాని చేయవచ్చన్న పరిశోధనలను ఉటంకించింది.

పని వేళ ముగిశాక ఫోను, మెయిల్‌కు జవాబివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి చట్టంలో గుర్తించాయి. భారత పార్లమెంటులో సుప్రియా సూలే ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. ఈ చర్చ ఫోనులో ఆదేశాలందుకునే ఉద్యోగుల వరకే పరిమితం. బ్యారన్ కాపలాకు, చెరువు గట్టు కుటుంబానికి, ముక్కల లెక్కన లేసు అల్లే మహిళకు అది వర్తించే విధానం ఏ బిల్లులోనూ లేదు.